కరణం దస్త్రం, చర్చి రిజిస్టర్, మన బీరువా

గోదావరి డెల్టా చరిత్ర అనగానే మన పాఠాలు కాటన్ దొరతో మొదలవుతాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలను మాగాణి చేసిందన్నది నిజమే. అయితే నీళ్లొచ్చాక భూమి ఎవరిదో, సాగు ఎవరిదో, శిస్తు ఎంతో రాసిన చెయ్యి ఎవరిది? కరణానిది. ఉద్యోగం వంశపారంపర్యం, దస్త్రాలు ఉండేది అతనింట్లోనే. కాగితం కూడా వంశపారంపర్యమైపోయింది. అందులో పట్టాదారుకి పేరుంది, నాట్లేసి కోతకోసిన మాల, మాదిగ కూలీకి గడే లేదు. రికార్డు అబద్ధం చెప్పక్కర్లేదు. మనల్ని వదిలేస్తే చాలు.

1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. పదవి ఒక్కరోజులో పోయింది. కాగితం మీద పట్టు మాత్రం అంత తొందరగా పోలేదు.

మన పేర్లు దొరికే పాత పుస్తకం ఇంకొకటుంది. అది చర్చి రిజిస్టర్. 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషన్, 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టాయి. పేటల నుంచి చేరినవాళ్ల బాప్తిస్మాలు పుస్తకాలకెక్కాయి. 1872 క్రైస్తవ వివాహ చట్టం పెళ్లిళ్లకీ రిజిస్టర్ తప్పనిసరి చేసింది. కరణం లెక్కలో కనపడని మనిషి ఇక్కడ పేరుతో, ఊరితో, తేదీతో కనపడతాడు. దళిత చరిత్ర రాసేవాళ్లకి ఇది పెన్నిధి.

కానీ ఇదే పుస్తకం కత్తి కూడా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పిచ్చింది. అంటే తాత పేరు దొరికిందని మనం సంబరపడే పుటే మనవడి సర్టిఫికెట్టుకి, అతను పెట్టిన కేసుకి ఎసరు పెట్టొచ్చు. పరిశోధన పేరుతో ఆ పేర్లు ఎత్తి అచ్చేసే ముందు మాలాంటివాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. అలాగని పుస్తకాన్ని చింపెయ్యడమో, చెదలకి వదిలెయ్యడమో పరిష్కారం కాదు. అప్పుడు చరిత్రా పోతుంది.

ఇక మన సంఘాల మాట. సభ్యుల పుస్తకం, తీర్మానాల పుస్తకం, చందా రశీదులు, కలెక్టరుకిచ్చిన అర్జీల నకళ్లు, ఎఫ్.ఐ.ఆర్. ప్రతులు ఎక్కడుంటున్నాయి? చాలాచోట్ల ఒక నాయకుడి బీరువాలో. ఆయన పార్టీ మారితే పుస్తకం ఆయనతో పోతుంది, చనిపోతే పాతసామాన్లవాడికి పోతుంది. అలాంటి బీరువాకి, కరణం ఇంటికి తేడా ఏముంది? 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు రికార్డుల్ని జాబితా, సూచిక వేసి భద్రపరచాలి. తహసీల్దారుని నిలదీసి అడిగే మనం ఆ మాట మన కార్యదర్శిని అడిగామా?

పని పెద్దదేం కాదు. కార్యవర్గం మారినప్పుడు పుస్తకాలు లెక్కపెట్టి, సంతకాలు పెట్టించుకుని అప్పజెప్పాలి. నకలు ఇంకోచోట ఉండాలి. జమాఖర్చు, తీర్మానాలు సభ్యులెవరడిగినా చూపించాలి. మతం, ఫిర్యాదు, సాక్షుల వివరాలున్న కాగితాలు మాత్రం వేరుగా తాళం వేసి పెట్టాలి. వాటిని ఎవరు, ఎందుకు చూశారో రాసిపెట్టాలి. బాధితుల్ని అడక్కుండా పేరు బయటపెట్టకూడదు. కరపత్రంలోనైనా సరే.

డబ్బు లెక్క దాచి బాధితురాలి పేరు చాటితే అది కరణం పద్ధతే. మనం దాన్ని తిరగెయ్యాలి. లెక్క నలుగురికీ తెలియాలి, మనిషి గుట్టు భద్రంగా ఉండాలి. మనల్ని వదిలేసిన దస్త్రాల మీద పోట్లాడి వచ్చినవాళ్లం, మన దస్త్రం మనమే పాడుచేసుకుంటే రేపు అడగడానికి మనకి నోరుండదు.