నిజాం కారుకు ముందు బ్రేకుల్లేవు!

మా రేగొండలో కారు సర్వీసింగ్‌కు ఇస్తే మెకానిక్ చెప్పే మొదటి మాట: "అన్నా, బ్రేక్ ప్యాడ్లు అరిగినయ్." మనం అడిగేది: "ఎంతయితది?"

ఆ ఖర్చు కథ తెలియాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు పోవాలె. అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి వచ్చేసరికి ఆయన లేరు. ఇంజిన్ ఏడు లీటర్ల పైనే, కానీ ముందు చక్రాలకు బ్రేకుల్లేవు! ఆ మోడల్‌కు నాలుగు చక్రాల బ్రేకులు 1920లలో గానీ రాలేదు. ఊరేగింపుల బండి కాబట్టి నడిచింది.

వేగం రెట్టింపైతే బ్రేకుల మీద పడే వేడి నాలుగింతలు. అందుకే స్పోర్ట్స్ కార్లకు పెద్ద డిస్కులు, ఖరీదైన ప్యాడ్లు. మన బండికీ అదే లెక్క. ప్యాడ్ అరిగినప్పుడే మారిస్తే తక్కువల పోతది. ఆగితే డిస్క్ పోతది, ఒక్కోసారి ప్రాణమే పోతది.