హెడ్‌ఫోన్ పిన్ను పుట్టుపూర్వోత్తరాలు



ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లలు "సౌండు రావడం లేదు" అని విసుక్కోవడం మీరు వినే ఉంటారు. 2020లో కరోనా మూలంగా బడులు మూతపడి, పాఠాలు తెర మీదికి వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో రోజూ వినపడిన మాట అది. ఊరికి దూరంగా ఉన్న విద్యార్థికి ఆ పూట హెడ్‌ఫోన్ పనిచేయకపోతే ఆ పూట పాఠం పోయినట్టే. బాగుచేయించాలంటే పట్నం వెళ్లి రావాలి, ఒక రోజు కూలీ పోగొట్టుకోవాలి. అందుకే ఇవాళ ఆ పిన్ను గురించి, అది దూరే రంధ్రం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. దాని వయసు రేడియో వయసు కంటే ఎక్కువ.

టెలిఫోన్లు వచ్చిన కొత్తలో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఎక్స్‌ఛేంజిలో కూర్చున్న మనిషి ఒక తీగను తీసి మరో చోట గుచ్చాలి. 1870ల చివర్లో అమెరికాలోని చికాగోలో చార్లెస్ స్క్రిబ్నర్ అనే ఇంజనీరు ఇందుకోసం ఒక స్విచ్చి తయారుచేశాడు. చూడటానికి అది మడతకత్తిలా ఉండేదట. ఇంగ్లీషులో మడతకత్తిని జాక్‌నైఫ్ అంటారు. కత్తి పోయి జాక్ మిగిలింది. పావు అంగుళం మందం గల ఆ పిన్నే, కొద్ది మార్పులతో, నేటికీ కచేరీ వేదికల మీద గిటారుకు తగిలిస్తున్నారు. మన చెన్నపట్నానికి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి 1881-82 ప్రాంతంలో వచ్చింది. జార్జిటౌన్‌లో ఎర్రబాలు చెట్టి వీధిలో పెట్టారు. వీధి పేరులోనే తెలుగు వినిపిస్తోంది కదా!

ఇక రేడియో సంగతి. 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. దానికి ప్రాణం పోసినవారు సి.వి. కృష్ణస్వామి చెట్టి. ఇంగ్లండు నుంచి తెచ్చిన విడిభాగాలతో 40 వాట్ల ట్రాన్స్‌మిటర్ కూర్చి ఆ ఏడాది జూలై 31న ప్రసారం మొదలుపెట్టారు. నలభై వాట్లంటే, మన ఇళ్లలో ఒకప్పుడు వెలిగిన చిన్న బల్బు వాడే కరెంటు! ఆ రోజుల్లో చవకగా రేడియో వినాలంటే క్రిస్టల్ సెట్టే దిక్కు. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గెలీనా అనే సీసపు ఖనిజపు ముక్క మీద సన్నని తీగ కొనను ఆనించి, ఎక్కడ ఆనిస్తే మాట వస్తుందో ఓపికగా వెతకాలి. పల్నాటి సీమలో అగ్నిగుండాల దగ్గర గనుల్లో దొరికిన సీసపు ఖనిజం ఇదే. ఈ గెలీనాతో విద్యుత్తరంగాలను పట్టవచ్చని చూపి 1904లో అమెరికాలో పేటెంటు పొందినవాడు మన జగదీశ చంద్ర బోసు.

క్రిస్టల్ సెట్టులో పుట్టే శబ్దం ఎంత బలహీనమంటే, లౌడ్‌స్పీకరు కదలదు. చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకోవాల్సిందే. అంటే హెడ్‌ఫోన్ ఆనాడు సోకు కాదు, అవసరం. ఇంట్లో పదిమంది ఉంటే ఒక్కరే వినాలి, తక్కినవారు అతని ముఖం చూస్తూ కూర్చోవాలి. తీగ కొన కాస్త జరిగినా, పిన్ను కాస్త వదులైనా పాట మాయం. ఇప్పుడు మనం లూజ్ కాంటాక్టు అంటున్న జబ్బు అప్పటిదే.

డబ్బు చాలక క్లబ్బు 1927లో మూతపడింది. ట్రాన్స్‌మిటర్‌ను మదరాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. కార్పొరేషన్ వారు 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంత్రం పూట ప్రసారాలు చేస్తూ, మెరీనా తీరంలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టించారు. సెట్టు కొనలేనివాడు కూడా ఇసుకలో కూర్చుని విన్నాడు. నా దృష్టిలో మన రేడియో చరిత్రలో ఇంతకంటే మంచి ఆలోచన మరొకటి లేదు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చేదాకా తెలుగువారికి ఈ మదరాసు కేంద్రమే పెద్ద దిక్కు. న్యాయపతి రాఘవరావు గారు పిల్లలకు రేడియో అన్నయ్య అయింది ఇక్కడే. తరవాత 1953లో రాష్ట్రాలు విడిపోయాయి, 1960లో తిరుత్తణి అటు వెళ్లింది. సరిహద్దు గీత జరిగింది గాని, మీడియం వేవ్ ఆ గీత దగ్గర ఆగలేదు. అది మీకు నేను చెప్పాలా!

ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాక పావు అంగుళం పిన్ను మూడున్నర మిల్లీమీటర్లకు చిక్కింది. 1979లో వాక్‌మన్ దాన్ని లోకమంతా తిప్పింది. స్టీరియో పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. కొన ఎడమ చెవికి, నడిమి ఉంగరం కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడి తిరుగు దారి. మూడు గీతలుంటే మైకు కూడా ఉన్నట్టు.

ఇది తెలిస్తే సగం రోగం పట్టుబడుతుంది. పాటలో వాయిద్యాలు లీలగా వినిపిస్తూ గాయకుడి గొంతు మాత్రం మాయమైతే, ఆ ఉమ్మడి దారి తెగిందన్నమాట. గొంతు రెండు చెవులకూ సమానంగా వచ్చేది, అందుకని దారి తెగగానే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పిన్ను పూర్తిగా దూరిందా అని ముందు చూడండి. పాత సెల్‌ఫోన్ల ఇయర్‌ఫోన్లలో మైకు, ఉమ్మడి దారి స్థానాలు తారుమారుగా ఉంటాయి, వాటిని ల్యాప్‌టాప్‌కు పెట్టినా ఇదే వరస.

హెడ్‌ఫోన్ తీసేసినా స్పీకరు పలకకపోతే, రంధ్రంలో ఉన్న బుల్లి స్విచ్చి ఇరుక్కుందేమో అనుమానించాలి. పిన్ను ఇంకా ఉందనుకుని యంత్రం స్పీకరును మూసేస్తుంది. పదిసార్లు పిన్ను పెట్టి తీస్తే చాలాసార్లు వదులుతుంది. నూలు పోగులు, దుమ్ము ఉంటే ల్యాప్‌టాప్ ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది, పిన్నీసు మాత్రం పెట్టకండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో లోపలి రేకులు త్వరగా చిలుము పడతాయి.

యు.ఎస్.బి. హెడ్‌ఫోన్ పెడితే వినిపిస్తుందా? అయితే లోపం ఆ రంధ్రంలోనో, దానికి సంబంధించిన డ్రైవర్‌లోనో ఉంది. ఏదీ వినిపించకపోతే తెర మూల స్పీకరు బొమ్మ నొక్కి శబ్దం ఎటు పోతోందో చూడండి. పక్కగదిలోని బ్లూటూత్ పెట్టెకు పోతూ ఉండవచ్చు. విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో సౌండు డ్రైవర్ తీసేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే అదే వేసుకుంటుంది.

ఇవేవీ ఫలించకపోతే చెన్నైలో రిచీ వీధి ఉండనే ఉంది. పక్కనే చింతాద్రిపేట. 1734లో సుంకురామ అనే తెలుగు వర్తకుడి తోట ఉన్నచోట నేతగాళ్ల కోసం కట్టిన పేట అది. రిచీ వీధి దుకాణాల్లో పాత సామానుకు మందు దొరుకుతుంది. జాక్ మార్చడం టంకం పనే గాని, కొన్ని యంత్రాల్లో అది విడి ముక్కగా ఉంటుంది, కొన్నింటిలో మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. మొదటిదైతే ఖర్చు తక్కువ. రెండోదైతే బోర్డు మార్చాలంటారు, అప్పుడు తొందరపడకండి. బయట తగిలించే యు.ఎస్.బి. సౌండు కార్డు ఒకటి కొని పెడితే పిల్లల పాఠం మర్నాడే మొదలవుతుంది.