బిడ్డ ఎవరి దగ్గరో తేలాక...

పెర్త్ శివారులోని పియారా వాటర్స్‌లో ఒక తెలుగు జంట విడిపోతే, పిల్లల సంగతి తేల్చేది టెర్రస్ రోడ్డులోని ఫ్యామిలీ కోర్టు ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియా. ఆ దేశంలో సొంత ఫ్యామిలీ కోర్టు ఉన్న రాష్ట్రం వెస్టర్న్ ఆస్ట్రేలియా ఒక్కటే. 1976లో ఆ కోర్టు పని మొదలుపెట్టినప్పటి నుంచి ఆస్ట్రేలియా చట్టం నెమ్మదిగా ఒక గీత గీస్తూ వచ్చింది. తీర్పు తప్పని వాదించే చోటు వేరు, పాటించనందుకు సంజాయిషీ చెప్పుకునే చోటు వేరు.

అప్పీలుకు గడువు 28 రోజులు. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు, స్టే విడిగా అడగాలి. తామైతే మరోలా తీర్పిచ్చేవాళ్లమన్న కారణంతో పై న్యాయమూర్తులు కస్టడీ తీర్పును మార్చకూడదని 1979లోనే గ్రోనోవ్ కేసులో హైకోర్టు చెప్పింది. ఆస్ట్రేలియాలో హైకోర్టంటే సర్వోన్నత న్యాయస్థానం.

అప్పీలు కాకుండా, కొత్తగా మళ్లీ విచారించమంటే? ఇక్కడ రైస్, ఆస్‌ప్లండ్ కేసు పేరు రాకుండా ఉండదు. పరిస్థితులు గట్టిగా మారితే తప్ప పాత వివాదాన్ని తిరగతోడకూడదని అందులో చీఫ్ జస్టిస్ ఎలిజబెత్ ఎవట్ రాశారు. తలుపు మూసే సూత్రంగా పేరుపడిన ఆ కేసులో నిజానికి తలుపు తెరుచుకుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డ బడికి వెళ్లే వయసుకు వచ్చింది. ఆ మార్పులు చూసి, తల్లి పక్షాన వచ్చిన కొత్త తీర్పుపై తండ్రి వేసిన అప్పీలును కొట్టేశారు. దాదాపు అర్ధశతాబ్దం జడ్జీల మాటగా నడిచిన ఈ సూత్రం 2024 మే 6న చట్టంలో సెక్షన్ 65డీఏఏఏ అయింది.

ఇక అమలు దశ. ఉత్తర్వు పాటించలేదన్న ఫిర్యాదు వస్తే చట్టం పేరుపెట్టి చెప్పే సాకులు బహు తక్కువ: ఉత్తర్వు అర్థం కాలేదనడం, లేదా ఎవరి ఆరోగ్యానికో భద్రతకో ముప్పుందని సహేతుకంగా నమ్మాననడం. రెండోదైనా ఆ ముప్పు ఉన్నంతకాలమే. తీర్పు అన్యాయమన్న వాదన అక్కడ చెల్లదు. ఇది సబబేనని నా నమ్మకం. ప్రతి వారాంతం అప్పగింత వేళ పాత గొడవే మొదలైతే నలిగేది బిడ్డే. అయితే హింస నుంచి పారిపోతున్న తల్లికి ఆ భద్రత మినహాయింపు కాగితం మీద మిగిలిపోకూడదు.

మన కుటుంబాలకు అసలు చిక్కు సముద్రం దాటాక మొదలవుతుంది. ఉత్తర్వు ఉండగా రెండోవారి రాతపూర్వక సమ్మతిగానీ కోర్టు అనుమతిగానీ లేకుండా బిడ్డను దేశం దాటిస్తే మూడేళ్ల వరకు జైలు. కానీ ఆ బిడ్డ హైదరాబాద్ చేరితే పెర్త్ ఉత్తర్వు తనంతట తాను అమలు కాదు. అపహరణకు గురైన పిల్లలను వెనక్కి పంపే 1980 హేగ్ ఒప్పందం ఆస్ట్రేలియాలో 1987 నుంచి అమల్లో ఉంది. భారతదేశం అందులో చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లోనే సిఫారసు చేసింది.

విదేశీ ఉత్తర్వులను ఉన్నపళంగా అమలు చేయడానికి మన కోర్టులు జంకుతాయి. అందుకు కారణం లేకపోలేదు. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకుంటే, 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. భార్య అక్కడి కోర్టు అధికారానికి ఎన్నడూ లోబడలేదు. కస్టడీ విషయంలోనూ, విదేశీ ఉత్తర్వుకు విలువివ్వాలి గానీ అదే చివరి మాట కాదని 1951లో ప్రివీ కౌన్సిల్ అన్న దాన్నే మన సుప్రీంకోర్టు 1997లో అనుసరించింది. ముందు ఉత్తర్విచ్చిన కోర్టుదే పైచేయి అన్న 2015 నాటి తీర్పును 2017లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. అయినా 2019లో, పెన్సిల్వేనియా కోర్టును స్వయంగా ఆశ్రయించి ఆపై పిల్లలతో హైదరాబాద్ వచ్చేసిన తెలుగు తల్లి కేసులో, పిల్లలను అమెరికాకు పంపాలనే అదే సుప్రీంకోర్టు చెప్పింది.

అంటే పెర్త్‌లో ఒకసారి ముగిసిన విచారణ ఇక్కడ మళ్లీ మొదలవుతుంది. అది సాగినన్నాళ్లూ బిడ్డ కొత్త బడికి, కొత్త స్నేహితులకు అలవాటు పడుతుంది. ఆ అలవాటే తెచ్చినవారికి వాదనవుతుంది. ఒప్పందం లేని లోటును మిర్రర్ ఆర్డర్లతో, అంటే ఇక్కడి ఉత్తర్వునే విదేశీ కోర్టు కూడా ఇచ్చే పద్ధతితో, పూడ్చాలని 2020లో సుప్రీంకోర్టు ప్రయత్నించింది. ఒక కస్టడీ కేసులో నైరోబీ కోర్టు నుంచి అలాంటి ఉత్తర్వు తెమ్మని తండ్రికి చెప్పి, తెచ్చాక బిడ్డను తండ్రితో కెన్యాకు పంపింది. ఏడాది తిరిగేసరికి మోసం జరిగిందని తేల్చి, 2021 అక్టోబరులో తన తీర్పునే వెనక్కి తీసుకుంది. అప్పటికి బిడ్డ కెన్యాలో ఉన్నాడు.