కప్పు మీద ఎవరి పేరు?

సావనీరుకు ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు నేను టొరంటోలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, చరిత్ర తప్ప మరొకటి రాయడం నాకు చేతకాదు. సరిగ్గా ఆ వారమే మనవడు నన్ను అక్కడి హాకీ మ్యూజియానికి తీసుకెళ్లాడు. ఒకప్పుడు బ్యాంకుగా ఉన్న భవనం అది. లోపల డబ్బు దాచే గదిలో అద్దం వెనక ఒక వెండి గిన్నె కనిపించింది. మన ఇళ్లలో పులుసు కాచుకునే గిన్నె కంటే పెద్దదేమీ కాదు.

"ఇదే తాతయ్యా, అసలు స్టాన్లీ కప్పు" అన్నాడు వాడు.

మనకు హాకీ అంటే మైదానంలో ఆట, ధ్యాన్‌చంద్. కెనడా వాళ్లకు మంచు గడ్డ మీద ఆట. ఆ గిన్నె మొదటిసారి ఎవరి చేతికి ఎలా వచ్చిందో తెలుసుకున్నాక, మన హెడ్మాస్టరు గదిలో ఉన్న ఒక షీల్డు గుర్తొచ్చింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మాంట్రియల్ నగరంలో విక్టోరియా రింక్ అనే పెద్ద స్కేటింగ్ శాల ఉండేది. 1875 మార్చి 3న జేమ్స్ క్రైటన్ అనే ఆయన అక్కడ జట్టుకు తొమ్మిది మందిని పోగుచేసి, జనం ముందు ఒక ఆట ఆడించాడు. కప్పు కింద, నియమాల ప్రకారం ఆడిన తొలి మంచు హాకీ ఆటగా దాన్నే చెప్పుకుంటారు. 1886 డిసెంబరులో అదే నగరంలో కెనడా అమెచ్యూర్ హాకీ సంఘం పుట్టింది. అమెచ్యూర్ అంటే ఆటకు పైసా పుచ్చుకోనివాళ్లు. పగలు ఎవరి పని వాళ్లు చేసుకుని, సాయంత్రం స్కేట్లు కట్టుకునేవారు.

అప్పటి ఆట తీరు వేరు. జట్టుకు ఏడుగురు. అరగంట చొప్పున రెండు భాగాలు. పక్‌ను ముందున్న సహచరుడికి అందించకూడదు. గోల్‌కీపరు ఎంత కష్టమొచ్చినా నిలబడే ఆపాలి. మంచు మీద కూర్చున్నా, మోకరిల్లినా, పడుకున్నా తప్పే. గోల్‌కు రెండు గుంజలే తప్ప వల లేదు. గుంజల వెనక ఒకాయన నిలబడి, గోల్ అయిందో లేదో చెప్పాలి. మంచు తయారుచేసే యంత్రాలు లేవు కాబట్టి చలి ముదిరితేనే ఆట. జనవరిలో మొదలై, మార్చి ఎండకు మంచు మెత్తబడితే ముగిసిపోయేది.

చాలా ఏళ్లు ఆ సంఘంలో సవాలు పద్ధతి నడిచింది. గెలిచినవాడి దగ్గర పట్టం ఉంటుంది, ఇంకొకడు సవాలు చేసి ఓడిస్తే లాక్కుంటాడు. అందులో ఒక అన్యాయం ఉంది. 1892లో ఒట్టావా జట్టు జనవరి నుంచి పట్టం నిలుపుకుంటూ వచ్చింది. మార్చి 7న మాంట్రియల్ చేతిలో 1-0 తేడాతో ఓడింది. సీజన్ ముగిసింది. ఒక్క గోల్‌తో ఆ ఏడాది విజేత మాంట్రియల్ అయింది. ఏడాదంతా మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాణ్ణి ఆఖరి స్లిప్ టెస్టు చూసి వెనక్కు నెట్టినట్టు!

పది రోజులు గడిచాక, మార్చి 18న, ఒట్టావా ఆటగాళ్లకు ఒక హోటల్లో విందు జరిగింది. అక్కడ గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ పంపిన ఉత్తరం చదివారు. ఏటా గెలిచిన జట్టు దగ్గర ఉండేలా ఒక కప్పు ఇస్తానన్నాడు. ఇప్పటి పోటీల పద్ధతి అందరికీ తృప్తిగా ఉన్నట్టు లేదు, ప్రతి జట్టూ ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి ఎదుటివాళ్ల ఊళ్లో ఆడితే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాడు. ఆయన కొడుకులు, కూతురు కూడా ఈ ఆట ఆడేవారు. లండన్‌లో పది గినీలు పెట్టి ఆ గిన్నె కొనిపించాడు.

1893 సీజన్ కొత్త పద్ధతిలో నడిచింది. అయిదు జట్లు: మాంట్రియల్ నగరం నుంచి మూడు, ఒట్టావా ఒకటి, క్వెబెక్ ఒకటి. ఒక్కో జట్టుకు ఎనిమిది ఆటలు. మాంట్రియల్ హాకీ క్లబ్బు ఏడు గెలిచి ఒకటి ఓడింది. ఒట్టావా ఆరు గెలిచి రెండు ఓడింది. మాంట్రియల్ ఆటగాడు హావిలాండ్ రౌత్ 12 గోల్స్‌తో అందరికంటే ముందున్నాడు. ఒట్టావాకు ఈసారీ ఒక్క ఆట తేడాలో చేయి జారింది. కానీ ఈసారి అన్యాయం అనడానికి లేదు. లెక్క అందరి ముందూ ఉంది.

అసలు గొడవ ఆట అయిపోయాక మొదలైంది. హాకీ క్లబ్బు మాంట్రియల్ అమెచ్యూర్ అథ్లెటిక్ సంఘం అనే పెద్ద సంస్థకు అనుబంధం. కప్పు బాధ్యత చూసే ధర్మకర్తలు ఇద్దరు, స్వీట్‌ల్యాండ్, రాస్. వాళ్లు కప్పు మీద ఆ పెద్ద సంస్థ పేరే చెక్కించారు. 1893 మే 15న దాని వార్షిక సమావేశంలో స్వీట్‌ల్యాండ్ కప్పు అందించబోతే, హాకీ క్లబ్బు అధ్యక్షుడు స్టీవార్ట్ పుచ్చుకోనన్నాడు. చివరికి పెద్ద సంస్థ అధ్యక్షుడే అందుకున్నాడు. ఆడింది మేము, మమ్మల్ని మాటవరసకైనా అడగలేదే అన్నది క్లబ్బు బాధ. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. మరుసటి ఏడాది చలికాలానికి గానీ అలక తీరలేదు. 1894 మార్చి 22న వేలమంది ఎదుట ఒట్టావాను 3-1తో ఓడించి ఆ క్లబ్బు మళ్లీ గెలిచింది. అప్పుడు కప్పు మీద "మాంట్రియల్ 1894" అని మాత్రమే చెక్కించారు. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకోవచ్చు. అలా ఇంటి తగువు పరువుగా ముగిసింది.

లార్డ్ స్టాన్లీ ఇదేమీ చూడలేదు. అన్నగారు పోవడంతో వారసత్వం మీదపడి, 1893 జులైలోనే ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. తన పేరు మోసే కప్పు కోసం జరిగిన ఒక్క పోటీ కూడా ఆయన కంట పడలేదు.

జట్టులోని వాళ్లందరి పేర్లూ ఆ కప్పు మీదకు మొదటిసారి ఎక్కింది 1907లో. 1924 నుంచి ఏటా చెక్కుతున్నారు. 1893లో ఆడి గెలిచిన ఆ మొదటి జట్టువాళ్ల పేర్లు మాత్రం ఆ ఏటి చెక్కుడులో లేవు. "మరి ఎవరు గెలిచారని ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నాడు మనవడు. అప్పటి పత్రికలు రాసిపెట్టాయి కాబట్టి తెలిసింది అన్నాను. అని, నాలో నేను నొచ్చుకున్నాను.

ఎందుకంటే మన షీల్డు గురించి ఏ పత్రికా రాయలేదు. గ్రిగ్ పోటీల్లో మన బడి కబడ్డీలో గెలిచిన షీల్డు అది. దాని మీద బడి పేరు, సంవత్సరం ఉన్నాయి. ఆడిన ఏడుగురి పేర్లు లేవు. నేను ఆ ఏడుగురిలో లేను. బనీన్లు, చెంబులు కాపలా కాసినవాణ్ణి. ఆరుగురు నాకు గుర్తున్నారు, పేర్లు కార్యదర్శికి పంపాను. ఏడోవాడే ఆఖరి కూతకు వెళ్లి ముగ్గుర్ని తాకి వచ్చినవాడు. వాణ్ణి మేమంతా "ఉడుత" అని పిలిచేవాళ్లం. ఆ వేసవిలోనే చదువు మానేసి, కుటుంబంతో వలస పోయాడు. అసలు పేరు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. పైగా నేను టీచరునై ఎన్ని వేల హాజరు పట్టీలు పిలిచానో!

స్వర్ణోత్సవంలో మనం దాతల పేర్లు పాలరాతి మీద చెక్కిస్తున్నాం. మంచిదే, చెక్కించాలి. షీల్డు పక్కన గోడకు ఒక చిన్న పలక కూడా పెట్టిద్దాం. అందులో ఆ ఏడుగురూ, పొద్దున్నే కోర్టుకు నీళ్లు చల్లి ముగ్గుపిండితో గీతలు గీసిన మన బంట్రోతూ ఉండాలి. డ్రిల్లు మాస్టారి పేరు సరేసరి.

ఉడుత అసలు పేరు ఎవరికైనా గుర్తుంటే, సమావేశం రోజు ముందు వరసలో కూర్చున్న ఈ బట్టతలవాడి చెవిలో చెప్పండి. పలకలో ఏడో గీత ఖాళీగా ఉంచమని చెప్పాను.