పెద్దయ్యాక ఆటిజం నిర్ధారణ.. అమ్మ జ్ఞాపకమే ఆధారం

తిరునాళ్లలో డప్పుల మోతకు చెవులు మూసుకుని ఇంటికి పరుగెత్తే యువకుడు.. పెళ్లిపందిరిలో నలుగురితో మాట కలపలేక గోడవారన నిలబడిపోయే ఉపాధ్యాయుడు.. బస్సుల వేళలన్నీ కంఠతా చెప్పగలిగినా, ఎదుటివారు మెచ్చుకుంటున్నారో ఎగతాళి చేస్తున్నారో పోల్చుకోలేని గుమస్తా.. ఇటువంటివారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. మొండివాడని, ముభావి అని, లోకజ్ఞానం లేదని ఊరు వారికి పేర్లు పెడుతుంది. ఈ లక్షణాలున్న ప్రతి ఒక్కరికీ ఆటిజం ఉన్నట్లు కాదు. అయితే ఇవి చిన్ననాటి నుంచీ ఉండి చదువు, కొలువు, కాపురం దెబ్బతింటుంటే పరీక్ష చేయించుకోవడం అవసరం. ఆటిజం పిల్లలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆ పిల్లలే పెద్దవారవుతారు.

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు?

అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లోనే ఆటిజాన్ని వర్ణించారు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో అది ప్రత్యేక రుగ్మతగా చేరింది మాత్రం 1980లో. మాటలు బాగా వచ్చి, చదువులో ముందుండేవారిలోనూ ఇది ఉండవచ్చని గుర్తిస్తూ 1994లో ఆస్పర్జర్ రుగ్మతను అందులో చేర్చారు. 2013లో వీటన్నింటినీ కలిపి 'ఆటిజం స్పెక్ట్రమ్ రుగ్మత' అన్న ఒక్క పేరు కిందికి తెచ్చారు. నేడు నలభై దాటినవారు బడికి వెళ్లిన కాలంలో మన పల్లెల్లో ఈ మాట విన్నవారే అరుదు. పదో తరగతి గట్టెక్కిన పిల్లవాడిని ఎవరూ అనుమానించలేదు. ఆడపిల్లల విషయం మరీ కష్టం. మౌనంగా ఉంటే అణకువ అన్నారు. తోటివారిని చూసి నవ్వడం, పలకరించడం అనుకరిస్తూ లోపలి అలసటను దాచుకున్నవారు లెక్కలోకే రాలేదు.

'పెళ్లి చేస్తే కుదురుకుంటాడు' అన్న నమ్మకం మరో చిక్కు. ఆటిజం పెళ్లితో పోయేది కాదు. విషయం తెలియక ముడివేస్తే ఇద్దరూ నలిగిపోతారు. తెలిసి, ఒకరి తీరు ఒకరు అర్థం చేసుకుంటే సజావుగా సాగే కాపురాలూ ఉన్నాయి.

ఎవరిని సంప్రదించాలి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు పద్దెనిమిదేళ్ల లోపువారికే. ఆ వయసు దాటినవారు జిల్లా ఆసుపత్రిలోగాని, బోధనాసుపత్రిలోగాని మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్హాన్స్ పెద్ద సంస్థలు. మానసిక వైద్యుడితోపాటు క్లినికల్ సైకాలజిస్టు కూడా పరీక్షించడం మేలు.

రక్తపరీక్షతోగాని, స్కానింగుతోగాని ఆటిజం తేలదు. మాటతీరు, చూపు, అలవాట్లు, శబ్దాలు, స్పర్శ విషయంలో ఇబ్బందులు, చిన్ననాటి చరిత్ర.. వీటిని కలిపి చూసి వైద్యులు నిర్ణయిస్తారు. వినికిడి లోపం, ఆందోళన, అతిశుభ్రత వంటి చాదస్తం, ఏకాగ్రత లోపం, స్కిజోఫ్రెనియా వంటివాటిని వేరుచేసి చూడవలసి ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే యాభై ప్రశ్నల పట్టిక (ఏక్యూ) అనుమానాన్ని బలపరచవచ్చునేగాని నిర్ధారణ చేయజాలదు.

తల్లిని వెంట తీసుకెళ్లండి

ఆటిజం అని చెప్పాలంటే లక్షణాలు బాల్యంలోనే మొదలై ఉండాలి. ముప్పై ఐదేళ్ల మనిషి బాల్యానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? చాలామందికి అది తల్లి జ్ఞాపకంలోనే ఉంటుంది. మొదటి మాట ఎప్పుడు పలికాడు? పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడా? కావలసినది వేలితో చూపించేవాడా? తోటిపిల్లలతో ఆడేవాడా, ఒంటరిగా బండి చక్రం తిప్పుతూ కూర్చునేవాడా? ఏ బట్ట తొడిగితే ఏడ్చేవాడు? ఏ కూర కంచంలో తగిలితే లేచిపోయేవాడు? వైద్యుడు అడిగే ప్రశ్నలు ఇటువంటివే. అమ్మ చెప్పినవి ముందుగానే ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. తల్లి లేకపోతే అక్క, మేనత్త, చిన్ననాటి మాస్టారు ఎవరైనా సరే. పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా పనికివస్తాయి.

'మావాడికి ఏమీ లేదు' అని తల్లి అడ్డుపడవచ్చు. తప్పు తనపై పడుతుందేమోనన్న భయం అందుకు కారణం. తల్లి పెంపకం వల్ల ఆటిజం వస్తుందన్న పాత వాదాన్ని వైద్యశాస్త్రం ఏనాడో తోసిపుచ్చింది. ఆ మాట ఆమెకు ముందే చెప్పి తీసుకెళ్లాలి. పెద్దవారి జ్ఞాపకశక్తి ఏటేటా తగ్గుతుంది. కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

నిర్ధారణ వేరు.. ధ్రువపత్రం వేరు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. తీవ్రతను కొలవడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ రూపొందించిన 'ఐశా' కొలమానాన్ని వాడతారు. అందులో 40 అంశాలున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 వస్తే 40 శాతం వైకల్యంగా లెక్క. చట్టం ఇచ్చే రిజర్వేషన్లకు ఆ 40 శాతమే గీటురాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత తదితర వర్గాలన్నింటికీ కలిపి 1 శాతం ఉంది.

ఇబ్బందులను కప్పిపుచ్చుకోవడం నేర్చినవారికి ఈ కొలమానంలో తక్కువ మార్కులు రావచ్చు. అంటే వైద్యుడు ఆటిజం ఉందని నిర్ధారించినా ధ్రువపత్రం రాకపోవచ్చు. అంతమాత్రాన నిర్ధారణ అబద్ధం కాదు. ధ్రువపత్రం కోరేవారు యూడీఐడీ కార్డు కోసం స్వావలంబన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

తెలిసిన తర్వాత?

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. పోగొడతామని డబ్బు గుంజేవారిని నమ్మరాదు. వెంట ఉండే ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమికి మాత్రం చికిత్స ఉంది. పని విషయంలోనూ చిన్న సర్దుబాట్లు మేలు చేస్తాయి. చప్పుడు లేని మూల, నోటిమాటకు బదులు కాగితంపై రాసిచ్చిన ఆదేశం, ముందే చెప్పిన వేళలు వంటివాటితో బాగా నెట్టుకొచ్చేవారున్నారు. అన్నింటికంటే ముఖ్యం, ఇన్నేళ్లూ తనదే తప్పు అనుకున్న మనిషికి అది తప్పు కాదని తెలియడం.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు, మనసు భారంగా ఉన్నవారు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవ తెలుగులోనూ అందుతుంది.