ఇయ్యని సెలవునకు లెక్క

మన భాషలో 'సెలవు' అను మాటకు ఆజ్ఞ యనియు, అనుమతి యనియు నర్థములు గలవు. పెద్దలు మాటలాడినపుడు 'సెలవిచ్చిరి' అందుము. ఇంటికి వచ్చిన చుట్టము 'సెలవు' పుచ్చుకొని వెళ్లును. పని మాని విశ్రమించు దినమునకు గూడ ఈ మాటయే చెల్లుచుండుట గమనింపదగినది. యజమాని యనుమతించిననే సేవకునకు విశ్రాంతి, అనుమతింపనిచో లేదు. ఇచ్చుట ఆయన దయ, దొరకుట ఈతని యదృష్టము. ఈ అనుమతి హక్కుగా మారుటకు లోకమున చాల కాలము పట్టినది. ఆ మార్పు ఎట్లు జరిగెనో మా చదువరులకు విన్నవింప దలచితిమి.

సెలవు దయయో హక్కో తేల్చుటకు, సెలవు దొరకిన దినమును జూచిన చాలదు. దయగల యజమానులు అన్ని కాలములందును సెలవులిచ్చిరి. సెలవు దొరకని దినమున నేమి జరుగుచున్నదో చూడవలెను. అర్జీ పెట్టగా త్రోసివేసినచో, ఇచ్చిన సెలవును పని యొత్తిడిచే రద్దు చేసినచో, సంవత్సరము గడచినను కొన్ని దినములు వాడుకొనక మిగిలినచో, ఆ దినము లేమగును? అవి గాలిలో గలిసిపోవునెడల ఆ సెలవు దయ. ఎవరైనను వానికి లెక్క చెప్పవలసి యున్నయెడల అది హక్కు. ఈ కొలతను చేత బట్టుకొని చరిత్రను జూతము.

పల్లెలోని పని ఋతువుల వెంట నడచునది. ఏరువాకతో మొదలై నూర్పిళ్లతో ముగియు వ్యవసాయములో, వాన కురిసిన దినమునను, పండుగనాడును, పొలములు బీడువారిన నెలలయందును పని తనంతట తానే యాగును. అది సుఖమని మేమనము. పనితోబాటు కూలియు నాగెడిది. సంవత్సరమునకు కుదిరిన పాలేరు జబ్బుపడి రానిచో ఆ దినమును 'నాగా' యని లెక్కగట్టి జీతములో తగ్గించు నాచారము మన పల్లెలలో నెల్లవా రెరిగినదే. అయినను ఆకాశమే అప్పుడప్పుడు పనివానికి విశ్రాంతి నిచ్చుచుండెను. ఆవిరియంత్రము వచ్చిన పిమ్మట ఆ పాటి యవకాశమును తగ్గిపోయెను. యంత్రమునకు వానయు లేదు, పండుగయు లేదు. విశ్రాంతి యడిగి సాధించుకొనవలసిన వస్తువయ్యెను.

బొంబాయి నూలుమిల్లులలో ఈ యడుగుట స్పష్టముగా వినబడెను. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీల చట్టము పిల్లలను మాత్రమే తలచినది. ఏడేండ్లు నిండనివారిని పనిలో బెట్టరాదనియు, ఏడేండ్లు మొదలు పండ్రెండేండ్లవరకు గలవారిచే దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారికి నెలకు 4 సెలవు లీయవలెననియు శాసించినది. పెద్దవారికి ఒక్క దినమును చెప్పలేదు. జ్యోతిరావు ఫూలే యనుచరులలో నొకరైన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సభ జరిపి, వారమున కొకనాడు ఆదివారము సెలవు కావలెనని కోరెను. అది సాధించుట కాఱేండ్లు పట్టినది. 1890 ఏప్రిలులో పదివేల మంది కూడిన సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు గూడ లేచి మాటలాడిరి. ఆ సంవత్సరము జూను 10వ తేదీన మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవున కంగీకరించెను. 1891 నాటి చట్టము వారాంతపు సెలవును శాసనముగా జేసెను.

ఇది గొప్ప విజయమే. కాని మన కొలతతో చూడుడు. ఆ దినమునకు కూలి యీయవలెనని చట్టము చెప్పలేదు. రోజుకూలివానికి ఆదివారము విశ్రాంతి దినమును, పస్తు దినమును నయ్యెను. విశ్రాంతికి వెల పనివాడే చెల్లించుచుండగా అది సగము హక్కు మాత్రమే. 'సెలవుతోబాటు జీతము' అను మాట పుట్టుటకు మరి నలువదియైదేండ్లు గడచినవి.

1936 జూను నెల ఈ చరిత్రలో స్మరింపదగినది. ఫ్రాన్సు దేశమున ఆ వేసవిలో లక్షలకొలది శ్రామికులు సమ్మెకట్టి, కర్మాగారములలోనే కూర్చుండిరి. లియోన్ బ్లూమ్ ప్రభుత్వము జూను 20న రెండు వారముల జీతముతోడి వార్షిక సెలవును శాసించెను. తమ జీవితమున మొదటిసారిగా సముద్రమును జూచిన కుటుంబములు ఆ సంవత్సరము అనేకములు. అదే నెలలో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సమావేశము జీతముతోడి సెలవులను గూర్చిన యొడంబడిక నొకదానిని ఆమోదించినది. ఏడాది యెడతెగక పనిచేసినవానికి కనీసము 6 పనిదినములు, పదునారేండ్లు నిండనివారికి 12 దినములు సెలవీయవలెనని దాని సారాంశము. దినముల సంఖ్య స్వల్పమే. కాని అందులో రెండు చిన్న నిబంధనలు పెద్ద మాటను జెప్పినవి. సెలవును వదలుకొందునని శ్రామికుడు వ్రాసియిచ్చిన యొప్పందము చెల్లదని యొకటి. సెలవు పుచ్చుకొనకముందే యజమాని కారణముగా కొలువు పోయినవానికి, మిగిలిన ప్రతి దినమునకు జీతము చెల్లింపవలెనని రెండవది.

మొదటి నిబంధన ఎందుకు? పేదవానికి పని కావలెను. 'సెలవు వద్దని వ్రాసియిమ్ము, కొలువిచ్చెదను' అన్నచో వాడు వ్రాసియిచ్చును. అట్టి వ్రాతకు విలువ యున్నచో చట్టమునకు విలువ యుండదు. కావున వదలుకొను స్వేచ్ఛను దీసివేసి, విశ్రమించు స్వేచ్ఛను కాపాడిరి.

మన దేశమున 1945లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ఏడాది పొడవున నడచు ఫ్యాక్టరీలలోని పెద్దలకు 10 దినములు, పిల్లలకు 14 దినములు జీతముతోడి సెలవును శాసించిరి. 1946 జనవరి 1 నుండి అది యమలయ్యెను. అప్పుడు మద్రాసు రాష్ట్రములో నుండిన మన కోస్తా, రాయలసీమ జిల్లాలలోని దుకాణముల గుమాస్తాలకు 1947 నాటి మద్రాసు చట్టము, ఏడాది కొలువు నిండిన పిమ్మట 12 దినముల సెలవు నిచ్చెను. వాడుకొననివి 24 దినములవరకు కూడబెట్టుకొనవచ్చుననియు జెప్పెను. పగలెల్ల బల్లమీద గూర్చుండి చిట్టా వ్రాయు గుమాస్తాకు సెలవు దినములకు గూడ ఒక చిట్టా యేర్పడెను.

1948 ఫ్యాక్టరీల చట్టమును 1954, 1976 సంవత్సరముల సవరణలతో గూర్చి చదివినచో, ఇయ్యని సెలవునకు లెక్క పూర్తిగా కనబడును. ఏడాదిలో 240 దినములు పనిచేసినవానికి, ప్రతి 20 దినముల పనికి ఒక దినము చొప్పున మరుసటి యేడు సెలవు రావలెను. వాడుకొననిది తరువాతి యేటికి చేరును. ఆ కూడిక పెద్దలకు 30 దినములు మించరాదు. ఇంతవరకు సామాన్యమే. కాని శ్రామికుడు నియమము ప్రకారము సెలవు కోరగా యజమాని యియ్యనిచో, అట్లు నిరాకరింపబడిన సెలవునకు 30 దినముల హద్దు లేదు. ఎన్ని యేండ్లు నిరాకరించినను అవన్నియు వాని పద్దులో నిలిచియుండును. తాను వాడుకొననివాడు వేరు, అడిగినను పొందనివాడు వేరు అని చట్టము గుర్తించినది. మొదటివానికి హద్దు, రెండవవానికి రక్షణ.

యజమాని కొలువునుండి తీసివేసినచో మిగిలిన సెలవునకు రావలసిన సొమ్మును రెండవ పనిదినము ముగియకముందే చెల్లింపవలెను. శ్రామికుడు కొలువులో నుండగా మరణించినచో ఆ సొమ్ము వాని వారసులకు రెండు నెలలలో ముట్టవలెను. వాడుకొనని సెలవును నోటీసు గడువులో కలిపి మాయము చేయరాదు. నెల్లిమర్ల, ఏలూరు జనుపమిల్లులలోని కార్మికులకు గూడ వర్తించిన ధర్మమిది. చనిపోయినవాని సెలవు వాని బిడ్డలకు చేరుచున్నదన్నచో, అది యింక దయ కాదు; ఆస్తి.

సర్కారు కొలువుల చరిత్ర దీనికి భిన్నముగా నడచినది. 1922 జనవరి 1 నుండి యమలైన ఫండమెంటల్ రూల్సులో, సెలవును హక్కుగా కోరరాదనియు, ప్రజాసేవ యవసరమును బట్టి సెలవును నిరాకరించుటకును రద్దు చేయుటకును అధికారికి స్వేచ్ఛ గలదనియు స్పష్టముగా జెప్పబడెను. 1972లో కేంద్రోద్యోగులకై యేర్పడిన సెలవు నియమములలోను ఆ మాట నిలిచినది. తుపాను వచ్చినపుడు తహసీలుదారును, అంటువ్యాధి ప్రబలినపుడు వైద్యుని సెలవునుండి పిలిపింపక తీరదు. ఇందులో న్యాయము లేకపోలేదు. అయినను ఆ నియమములే, బలవంతముగా వెనుకకు పిలిపింపబడిన యుద్యోగి పనిచోటికి బయలుదేరిన దినము నుండియే పనిలో నున్నట్లు ఎంచవలెననియు, ప్రయాణపు ఖర్చీయవలెననియు చెప్పినవి. యజమాని యవసరమునకు సెలవు తెగినచో దాని ఖర్చు యజమానిదే యగు నను ధర్మము, హక్కు కాదన్నచోట గూడ తలయెత్తినది.

ఇక నొక చిక్కు ప్రశ్న గలదు. మిగిలిన సెలవునకు సొమ్మిచ్చిన సరిపోవునా? కొలువు ముగిసినవానికి సొమ్ము తప్ప వేరు దారి లేదు. కొలువులో నున్నవానికి సొమ్ము విశ్రాంతికి బదులగునా? ఐరోపా సంఘము 1993లో ఈ ప్రశ్నకు కాదనియే యుత్తరమిచ్చెను. ఏటికి కనీసము నాలుగు వారముల సెలవును, కొలువు ముగిసిన సందర్భమున తప్ప, సొమ్ముగా మార్చరాదని విధించెను. 2018 నవంబరు 6న అచ్చటి ఉన్నత న్యాయస్థానము మరి యొక యడుగు ముందుకు వేసినది. శ్రామికుడు అడుగలేదను నొక్క కారణముచే సెలవు రద్దు కాజాలదనియు, సెలవు పుచ్చుకొమ్మని యజమాని తగిన సమయమున తెలిపి, అవకాశము కల్పించినట్లు తానే నిరూపింపవలెననియు తీర్పు జెప్పినది. అడుగుట పనివాని భారమై యుండగా, చెప్పుట యజమాని విధి యయ్యెను.

మన పార్లమెంటు 2020లో ఆమోదింపగా 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, 240 దినములకు బదులు 180 దినములు పనిచేసినవానికే సెలవు నిచ్చినది. సంవత్సరాంతమున శ్రామికుడు కోరినచో సెలవును సొమ్ముగా మార్చుకొను నవకాశమును గల్పించినది. మొదటిది నిస్సంశయముగా మేలు. రెండవదానిని గూర్చి మా మనస్సున కొంత శంక గలదు. అప్పులపాలైనవాడు ప్రతి సంవత్సరము సొమ్మే కోరును. సొమ్ము చేతికి వచ్చును. దేహము మాత్రము ఏడాదికేడాది యలసియే యుండును. హక్కు నిలిచినదని లెక్కల పుస్తకము చెప్పును, విశ్రాంతి లేదని యింటి యిల్లాలు చెప్పును. సొమ్ము నష్టపరిహారముగా నుండవచ్చును, సెలవునకు పోటీగా నుండరాదు.

ఇంతవరకు మిల్లులను, కచేరీలను గూర్చి చెప్పితిమి. మన యిండ్ల మాట యేమి? అంట్లు తోమి, బట్టలుతికి, వంట చేసి, పసిబిడ్డల నెత్తుకొను స్త్రీకి పైన జెప్పిన ఫ్యాక్టరీల చట్టము గాని, దుకాణముల చట్టము గాని వర్తింపలేదు. 2011లో జెనీవా సమావేశము ఇంటిపనివారికై వేరుగా నొక యొడంబడిక చేసి, వారమున కెడతెగని 24 గంటల విశ్రాంతి కావలెనని చెప్పినను, మన దేశ మింకను దానిని ధ్రువపరుపలేదు. మిల్లు యజమానిని నిందించు గృహస్థుడే తన యింట పనికత్తె రెండు దినములు రానిచో నాగా కోసివేయును. ఆమె కూతురి పెండ్లికని నెల ముందు చెప్పిన సెలవును, తన యింటికి చుట్టములు వచ్చిరని ముందునాటి సాయంకాలము రద్దు చేయును. ఆ దినమున కెవ్వరును లెక్క చెప్పరు.

చట్టము వచ్చువరకు మనము వేచియుండ నక్కరలేదు. మిల్లు లెక్కనే యింటికి దెచ్చుకొందము. ఏటికి 300 దినములు పనిచేసిన యామెకు ఇరువదింట నొకటి చొప్పున జీతముతోడి సెలవు 15 దినములు చెల్లవలెను. ఆ సంఖ్యను ఆమె అడుగకముందే ఇల్లాలే చెప్పవలెను. పుచ్చుకొన్న దినములను గోడమీది పంచాంగమున ఇరువురకు తెలియునట్లు గురుతు పెట్టవలెను. మన యవసరమునకు ఆపిన దినమును వేరొక దినముగా తిరిగి యీయవలెను. ఆమె పని మాని వెళ్లునాడు మిగిలిన దినములకు జీతము లెక్కగట్టి చేతిలో బెట్టవలెను. బొంబాయి మిల్లువారు ఆదివారము నొప్పుకొనుట కాఱేండ్లు పట్టినది. మన వంటయింటికి అంత కాలము పట్టనేల?