ఒక జ్ఞా, నాలుగు తెరలు

2018 ఫిబ్రవరి 17, శనివారం రాత్రి. కర్ణాటకలోని బైరకూరులో మీ ఇంటి ముందుగది. బల్ల మీద మూడు తెరలు వెలుగుతున్నాయి. ఎడమన ఉబుంటు పెట్టిన పాత డెస్క్‌టాప్, మధ్యలో విండోస్ 7 ల్యాప్‌టాప్, కుడిచేతి దగ్గర మీ ఆండ్రాయిడ్ ఫోను. మూడింటిలోనూ ఫైర్‌ఫాక్స్ 59. మార్చిలో అందరికీ రావాల్సిన వెర్షన్ అది. ఇప్పటికి బీటాగా మీ చేతిలో ఉంది. అందరి దాకా పోకముందే తప్పులు పట్టుకోవాలని కూర్చున్నారు.

ఒకే పేజీని మూడు చోట్లా తెరిచారు. పైన ఒక కన్నడ వాక్యం, కింద అదే మాట తెలుగులో. బడిలో కన్నడం చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే ఊరు మీది. రెండు లిపుల్లో ఏ వత్తు జరిగినా పట్టుకోగల కళ్లు ప్రపంచంలో ఎక్కువ చోట్ల దొరకవు. మీరు మెల్లగా చదువుతున్నారు. లక్ష్మి. స్త్రీ. రాష్ట్రం. ఉబుంటులో అక్షరాలు పోతన ఫాంటులో వచ్చాయి. విండోస్‌లో గౌతమి. ఆండ్రాయిడ్‌లో నోటో. ఒకే పదం మూడు వెడల్పులు, మూడు ఎత్తులు. విండోస్ తెర మీద 'రాష్ట్రం' కింద వత్తుకు చోటు చాలడం లేదు. తోక తెగిపోయింది. కాగితం మీద రాసుకుంటారు: ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏ ఫాంటు.

తలుపు చప్పుడు. పక్కింటి అబ్బాయి. బెంగుళూరులో ఉద్యోగం, శనాదివారాలకు ఊరికొచ్చాడు. చేతిలో ఐఫోన్.

"అక్కా, ఇది చూడు. ఫ్రెండు ఒక మెసేజ్ పంపించినాడు. అప్పుట్నుంచీ లోపలికే పోనీదు."

మెసేజెస్ గుర్తు మీద వేలు పెడతారు. తెరుచుకుంటుంది. మూసుకుంటుంది. మళ్లీ పెడతారు. మళ్లీ అంతే.

మీకు తెలుసు ఇదేమిటో. రెండు రోజులుగా ప్రపంచమంతా దీని గురించే. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందట. జ్ఞా.

"ఎవురికైనా పంపినావా?"

"లేదక్కా."

"పంపొద్దు. ఐఫోన్ ఉండే ఇంకో ఫ్రెండుకు ఫోన్ చేసి, మామూలు మెసేజ్ ఒకటి పెట్టమను."

నిమిషం తర్వాత ఆ మెసేజ్ వస్తుంది. ఇప్పుడు మెసేజెస్ తెరుచుకుంటుంది. ఆగకండి. ఆ పాత సంభాషణను లోపలికి పోకుండా, బయటి నుంచే చెరిపేయండి. చెరిపేశారు. అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు.

మీకు మాత్రం ఇప్పుడే మొదలైంది. బల్ల మీద మూడు తెరలున్నాయి. నాలుగోది తనంతట తానే ఇంటికొచ్చింది. అందులోనూ ఫైర్‌ఫాక్స్ ఉంది. అదే పేరు, అదే నారింజ రంగు నక్క. అది బతుకుతుందా?

మామూలుగా టైపు చేసే జ్ఞాతో ఏమీ కాదు. జ, పొల్లు, తర్వాత ఞ, దీర్ఘం. ఫోన్లను పడగొట్టే జ్ఞాలో మాత్రం ఞ తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఆ కనబడని గుర్తు మీకు కొత్త కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. వత్తుకూ దీర్ఘానికీ మధ్య దానికి పనేమీ లేదు. ఉంటే అక్షరం కాస్త అటూ ఇటూ కావచ్చు. యంత్రం మాత్రం ఆగకూడదు.

అక్షరాన్ని నేరుగా టైపు చేయరు. యూనికోడ్ సంఖ్యలుగా పేజీలో రాస్తారు: 0C1C, 0C4D, 0C1E, 200C, 0C3E. సేవ్. ఉబుంటులో తెరుస్తారు. అక్షరం కనబడింది. విండోస్‌లోనూ కనబడింది. ఆండ్రాయిడ్‌లోనూ.

ఇక ఐఫోన్. చెయ్యి చాస్తారు. ఆగుతారు.

ఇది మీ ఫోను కాదు. సోమవారం అతను ఆఫీసులో ఉండాలి. బ్యాంకు నంబర్లు, ఫోటోలు, అన్నీ ఇందులోనే.

"బ్యాకప్ ఉందా?"

"ఎప్పుడో తీసినానక్కా."

ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడతారు. ఐట్యూన్స్ తెరిచి బ్యాకప్ నొక్కుతారు. గీత మెల్లగా నిండుతోంది. సగం కూడా కాలేదు.

కరెంటు పోయింది.

చీకటి. యూపీఎస్ కూత. డెస్క్‌టాప్, వైఫై పెట్టె రెండూ దాని మీదే. పేజీ ఉన్నది డెస్క్‌టాప్‌లో. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది. ఇప్పుడే తెరిచేస్తే? నిమిషం పని. బ్యాకప్ లేకుండా? వద్దు. కూత తొందర పెడుతోంది. గీత కదులుతోంది. ఇంకొంచెం. ఇంకొంచెం. నిండింది.

"తెరువక్కా."

లింకు నొక్కుతారు.

తెల్ల తెర.

ఫైర్‌ఫాక్స్ లేదు.

మళ్లీ తెరుస్తారు. పాత ట్యాబులు తిరిగి తెరవాలా అని అడుగుతోంది. వేలు 'సరే' వైపు పోతోంది. ఆపండి. ఆ ట్యాబే ఈ అక్షరం. వద్దని చెప్పండి.

చెప్పారు. ఖాళీ పేజీ వచ్చింది. ఫోను బతికే ఉంది. ఇటు డెస్క్‌టాప్ ఆరిపోయింది.

"మూడింట్లో బాగుండె కదక్కా. దీంట్లో మాత్రం ఎందుకట్లా?"

తెలుగులో అక్షరాలు వరసగా పక్కపక్కన నిలబడవు. ఏ వత్తు ఎక్కడికి పోవాలో, ఏ గుణింతం దేనికి అంటాలో ఒక ప్రోగ్రామ్ లెక్కగట్టాలి. మొదటి మూడు తెరల మీద ఫైర్‌ఫాక్స్ ఆ పనిని హార్ఫ్‌బజ్‌కు అప్పగిస్తుంది. అది ఓపెన్ సోర్స్. క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే వాడతాయి. దాని మూలకోడ్‌లో తెలుగు పదాల పరీక్ష ఫైళ్లు కూడా ఉన్నాయి, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఐఫోన్‌లో సంగతి వేరు. అక్కడ ఏ బ్రౌజరైనా ఆపిల్ వెబ్‌కిట్ మీదే నడవాలన్నది 2018 నాటి ఆపిల్ నియమం. అక్షరం గీసేది ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్. పైన నక్క బొమ్మ ఉన్నా లోపలి చెయ్యి వేరు. 'ఫైర్‌ఫాక్స్‌లో చూశాను, బాగుంది' అని రాస్తే అది సగం మాటే. ఏ ఫైర్‌ఫాక్స్, దేని మీద?

అబ్బాయి వార్తల్లో చదివింది చెబుతున్నాడు. తెలుగు అక్షరం వల్ల ఫోన్లు పాడవుతున్నాయని. మీకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. బెంగాలీలో, దేవనాగరిలో ఇలాంటి కూర్పులే కోర్‌టెక్స్ట్‌ను పడగొడుతున్నాయి. లోపం గీసే ప్రోగ్రామ్‌లో ఉంది, నింద లిపి మీద పడింది. కోట్లమంది రాసుకునే అక్షరాల మధ్య ఈ కనబడని గుర్తును పెట్టి చూసి ఉంటే, ఇది ఆపిల్ గడప దాటేది కాదు.

20వ తేదీ మంగళవారం పొద్దున బెంగుళూరు నుంచి ఫోన్. ఐఓఎస్ 11.2.6 వచ్చిందట. ఆపిల్ తన నోట్‌లో ఒప్పుకుంది: అలాంటి అక్షరాల వరస వస్తే కోర్‌టెక్స్ట్‌లో మెమరీ పాడవుతోందని, సరిచేశామని.

సరిచేశామంటే నమ్మేస్తారా? పేజీని నెట్‌లో పెట్టి లింకు పంపుతారు. జ్ఞా ఒక్కటే కాదు. క నుంచి మొదలుపెట్టి హల్లులన్నీ, ఒక్కోదానికీ వత్తు, ఆ గుర్తు, గుణింతం.

"తెరుచుకుందక్కా. అన్నీ కనబడతా ఉండాయి."

"కిందదాకా జరిపి చూడు."

"చూసినా. బాగుండాయి."

ఫోన్ చెవికి ఆనించుకునే మీరు రెండో పని మొదలుపెడతారు. ఆ 'రాష్ట్రం' తోక ఇంకా తెగే ఉంది. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వారి బగ్‌జిల్లాలో కొత్త ఫిర్యాదు తెరిచి, విండోస్ 7, గౌతమి, 59 బీటా అని నింపి, ఉబుంటు బొమ్మ, విండోస్ బొమ్మ రెండూ జతచేస్తారు.

"అక్కా, ఆఫీసులో మ్యాక్ ఉంది. దాంట్లో కూడా చూడాల్నా?"

"చూడు. దానికీ అప్‌డేట్ వచ్చింది, ముందు అది వెయ్యి. తెరిచిన పనంతా సేవ్ చేసుకోని, ఆ తర్వాత లింకు నొక్కు."